కొమ్ము పిడి తుపాకి

ఆ రోజుల్లో ఎండకాలం రాగానే తిమ్మాజిపేట సంత మైదానంలో డేరా టాకీసు దిగేది. పంటలు ఇండ్లకు చేరి, చేతిలో పనిలేక జనం ఎక్కడ నీడ దొరికితే అక్కడ కునుకు తీసే కాలం అది. ఎద్దులబండ్ల మీద ఇంజనూ, బొమ్మ ఆడించే మిషనూ, వంద చోట్ల కుట్లు పడ్డ గుడారమూ వచ్చేవి. వాటి వెనక దశరథం వచ్చేవాడు. బొంబాయి బొమ్మల్లో వాళ్లు మాట్లాడేది హిందుస్తానీ. పట్వారీకీ నలుగురు వ్యాపారులకూ తప్ప అది ఎవరి తలకెక్కుతుంది? అందుకని దశరథం తెర పక్కన ముక్కాలి పీట మీద నిలబడి, నోటికి రేకు గొట్టం పెట్టుకుని, కథంతా తెలుగులో అరిచి చెప్పేవాడు. ఏడ్చేచోట ఏడ్చేవాడు, నవ్వేచోట నవ్వేవాడు. కథలో లేని అత్తాకోడళ్ల తగాదా ఒకటి తన తరఫున కలిపేవాడు. దానికి ఎవరూ తప్పు పట్టలేదు సరికదా, అది లేకపోతే ఊరుకునేవాళ్లు కారు.

కాల్పుల సీను వచ్చినప్పుడు మాత్రం దశరథం గొట్టం దించేవాడు. తెర మీద ఎవడో కోటు జేబులో చెయ్యి పెట్టి పిస్తోలు తీశాడంటే చాలు, జనం తెరను వదిలేసి నేలతరగతి ముందువరసలో కూర్చున్న ఒక మనిషి వైపు తిరిగేవాళ్లు.

"కురుమూర్తన్నా! వాని చేతుల ఉన్నదేందే?" అని దశరథం అడిగేవాడు.

కురుమూర్తి తొందరపడేవాడు కాదు. రుమాలు సర్దుకుని, మోకాళ్ల మీద చేతులూని లేచి నిలబడేవాడు. కూర్చుని గొణిగితే లెక్కలోకి రాదు. లేచి, వెనకవరస ఆడవాళ్లకు కూడా వినబడేటట్టు చెప్పాలి. చెప్పాక మాట మార్చకూడదు. ఇది ఆ డేరాలో ఎవరూ పెట్టకుండానే పుట్టిన కట్టుబాటు.

"వెబ్లీ. ఇంగిలీషోల్లది. నడుం కాడ ఇరుగుతది, ఆరు తూటాలు పడతయ్," అనేవాడు. ఇంకోసారి, "ఇది కోల్టు. బల్లపరుపుగ లేదా? తూటాలు పిడిలకెల్లి ఎక్కుతయ్." మౌజరు కనబడితే మాత్రం ఆయన మొహం విప్పారేది. "అగో, మౌజరు! దీని తూటాల పెట్టె ముందటుంటది, గుర్రం మూతికి దాణా సంచి కట్టినట్టు."

ఆ తర్వాత అసలు తమాషా. వెబ్లీ పేలుతుంటే డేరా మొత్తం గొంతు కలిపి లెక్క పెట్టేది. ఆరోది పేలగానే అందరూ "ఖాళీ!" అని అరిచేవాళ్లు. తెర మీద హీరోకు ఈ సంగతి తెలియదు కదా, ఆయన ఏడోదీ ఎనిమిదోదీ కూడా పేల్చేవాడు. డేరా విరగబడి నవ్వేది. "కడమయి దేవుడిచ్చిండు, కాల్చుకోని!" అని దశరథం గొట్టంలోంచి సర్దిచెప్పేవాడు.

ఒకసారి పెద్ద పేరున్న హీరో బొమ్మ వచ్చింది. ఆయన పిస్తోలు తీసి తెరనిండా నిలబడ్డాడు. కురుమూర్తి లేచాడుగానీ ఎంతకీ నోరు విప్పడు. "ఏందన్నా, తెలుస్తలేదా?" అన్నాడు దశరథం.

"చెక్క," అన్నాడు కురుమూర్తి.

"ఏంది?"

"చెక్కతోని జేసి నల్ల రంగు పూసిన్రు. వాని మణికట్టు సూడున్రి. సేరు బరువు ఇనుము పట్టినోని చెయ్యి గట్ల తేలిపోతదా?"

ఇంకేముంది, ఆ పూటంతా హీరో పిస్తోలు తీసినప్పుడల్లా జనం ఈలలే ఈలలు. ఆట అయిపోయాక దశరథం పక్కకు పిలిచి, "అన్నా, జర నా కడుపు మీద కొట్టకే. హీరో చేతులది చెక్క అంటే రేపు ఎవడొస్తడే?" అని బతిమాలాడు. "చెక్కను ఇనుమంటే నా నోరు పడిపోతది దశరథం," అన్నాడు కురుమూర్తి. అయినా ఇద్దరూ నవ్వుకున్నారు. దశరథం ఉన్నన్ని రోజులూ ఇద్దరి బీడీ కట్ట ఒకటే.

ఇంత తెలివి ఒక కూలిమనిషికి ఎక్కడిదని కొత్తవాళ్లు అడిగేవాళ్లు. పాతవాళ్లు చెవిలో చెప్పేవాళ్లు: "గడిల తుపాకి కొట్టేసి జైలుకు పోయొచ్చిండులే." ఆ మాట కురుమూర్తికి వినబడేది. వినబడినా లేచి నిలబడేవాడు. తను చెయ్యని దొంగతనానికి తలవంచుకుని, తెలిసిన విద్యను కూడా ఎందుకు మింగాలి? అదే ఆయన మొండితనం. ఆ డేరాలో తుపాకి పేరు చెప్పినంతసేపు ఆయన దొంగ కాదు, కురుమూర్తన్న.

బోయ కురుమూర్తిది తిమ్మాజిపేట కాదు. అక్కడికి ఆమడ దూరాన, కోటలాంటి దొరల గడి ఉన్న ఒక ఊరు. తిమ్మాజిపేట భూములు కూడా చాలామటుకు ఆ గడివే. ఆ ఊరి పేరూ, దొరల ఇంటిపేరూ నేను చెప్పను. చెప్పి వాళ్లను పుస్తకంలోకి ఎక్కించే ఉద్దేశం నాకు లేదు. కురుమూర్తి తండ్రి దొర వేటకు పోతే మెకాలను తరిమే డప్పుల గుంపులో ఉండేవాడు. కొడుకును తుపాకుల గదిలో పెట్టారు. నూనె, గుడ్డ, గొట్టం తుడిచే కడ్డీ, ఇదీ ఆయన లోకం. ఏడాదికోసారి అచ్చంపేట దాటి నల్లమలలో వేట ఉండేది. దొరకు చిన్న తుపాకులంటే మోజు. మఖ్మల్ పరిచిన పెట్టెలో వాటిని వరసగా పెట్టించి, వచ్చిన అతిథులకల్లా ఇది వెబ్లీ, ఇది కోల్టు, ఇది మౌజరు అని చూపించేవాడు. పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డ కురుమూర్తి చెవులు ఆ పేర్లను పట్టుకున్నాయి. చేతులు వాటి బరువును పట్టుకున్నాయి. ఈ చాకిరీకి బదులుగా వాగొడ్డున ఒక చెలక ఇచ్చారు. జొన్న బాగా పండేది.

దొరకు చాలా చిన్నవాడైన తమ్ముడు ఉండేవాడు. అందరికీ చిన్నదొర. తల్లిలేని ఆ పిల్లవాడు కురుమూర్తి భుజాల మీదే పెరిగాడు. గడి వెనక రాళ్ల మీద పగిలిన కుండలు పేర్చి, గురిచూసి కాల్చడం నేర్పింది కురుమూర్తే. నలుగురిలో "కురుమూర్తీ" అని పేరుపెట్టి పిలిచేవాడు. ఎవరూ లేనప్పుడు "మామా" అనేవాడు. బిడ్డలు లేని కురుమూర్తికి ఆ ఒక్క పిలుపు చాలు. ఆ పిలుపు కోసం ఏమన్నా చేస్తాడు.

ఒకసారి చిన్నదొర వెబ్లీని రాతి మీద జారవిడిచాడు. పిడికి ఎడమవైపున్న చెక్క రెండు ముక్కలైంది. అన్నకు తెలిస్తే చర్మం ఒలుస్తాడని పిల్లవాడు వణికిపోయాడు. కురుమూర్తి దున్నపోతు కొమ్ము ఒకటి తెచ్చి, ఉడకబెట్టి, మెత్తబడ్డాక బండరాయి కింద వేసి చదును చేసి, ఆకురాయితో అరగదీసి, సరిగ్గా పాత చెక్క ఆకారంలో కొత్త పిడి తయారుచేశాడు. నల్లటి కొమ్ములో ఏటవాలుగా ఒక తెల్లటి చార ఉండిపోయింది. చెరపబోయి, బాగానే ఉంది కదా అని వదిలేశాడు. దొర చూసి కూడా తిట్టలేదు. "ముందటి దానికంటె ఇదే ముద్దుగున్నది," అన్నాడు.

ఆ వెబ్లీయే పోయింది. దసరాకు ఆయుధపూజ అని తుపాకులన్నీ బయటికి తీసి, పసుపు కుంకుమ పెట్టబోతే మఖ్మల్ పెట్టెలో ఒక గుంట ఖాళీగా ఉంది. తాళంచెవి కురుమూర్తి మొలతాడుకే ఉంటుంది. ఇంక అడగడానికి ఏముంది? పశువుల కొట్టంలో కట్టేశారు.

మరుసటి పొద్దున చిన్నదొర వచ్చాడు. అప్పటికి మీసం మొలిచింది ఆయనకు. పక్కన కూర్చుని కురుమూర్తి చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"మామా, అన్న మస్తు కోపం మీదున్నడు. నువ్వే తీసినవని ఒప్పుకో. ఒప్పుకుంటె ఇంట్లనే తెగుతది, పోలీసుదాక పోదు. జర్ర దినాలల్ల తుపాకి నేను దొరకబట్టిస్త. నీ మీద ఈగ వాలనియ్య."

"నేను తియ్యలే గద దొరా."

"నాకు తెల్వదా మామా? గని నేను గిట్ల చెప్పిన్నని ఎవ్వలకు చెప్పకు. ఇంట్ల జమ్ములమ్మకు గుడ చెప్పకు. నా మీద ఒట్టు."

భుజాల మీద మోసిన పిల్లవాడు. మామా అన్నాడు. ఒట్టు పెట్టాడు. కురుమూర్తి ఊరందరి ముందూ గడి మెట్ల కింద నిలబడి "నేనే తీసిన, నీ బాంచెన్ దొరా" అన్నాడు. కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ గుంపులో ఆయన భార్య జమ్ములమ్మ కూడా ఉంది. ఆమె తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

సాయంత్రానికల్లా పోలీసులు వచ్చారు. సర్కారు లైసెన్సు ఉన్న తుపాకి పోతే పైకి లెక్క చెప్పాలి, లెక్కకు ఒక దొంగ కావాలి. దొరికాడు. కురుమూర్తి దెబ్బలు తిన్నాడు, పాలమూరు జైల్లో మగ్గాడు. లోపలున్నన్ని రోజులూ చిన్నదొర వస్తాడని గేటు వైపు చూశాడు. బయటికొచ్చాక తెలిసింది, చిన్నదొర చదువుకని బొంబాయి వెళ్లిపోయాడట. "పిల్లగాడు. దూరమున్నడు. లేకుంటె రాకుండ ఉంటడా?" అని తనకు తనే చెప్పుకున్నాడు. నాకైతే ఈ మాట రాస్తుంటే కూడా ఒళ్లు మండుతుంది. కానీ ప్రేమ పెట్టుకున్నవాడు అట్లాగే సర్దిచెప్పుకుంటాడు.

చెలక పోయింది. మొగుడూ పెళ్లాలు జమ్ములమ్మ పుట్టిన తిమ్మాజిపేటకు వచ్చి ఊరి చివర గుడిసె వేసుకున్నారు. ఆమె కలుపుకు పోయేది. ఆయన కమ్మరి కొలిమి దగ్గర కొడవళ్లకు పదును పెట్టేవాడు. ఏండ్లు గడిచాయి. కురుమూర్తికి చెలక మీద కూడా ఆశ చచ్చింది. ఒక్కటే మిగిలింది. చిన్నదొర ఏదో ఒకనాడు వచ్చి, నలుగురిలో నిలబడి, "కురుమూర్తి దొంగ గాదు" అనాలి. ఆ ఒక్క మాట విని పోతే చాలనుకున్నాడు. ఆ ఆలోచనతో అన్నం ముందు కూడా పలకకుండా కూర్చునే మనిషిని జమ్ములమ్మే తరిమింది: "పోరాదు ఆ డేరకు, నలుగుర్ల కూసుంటె మనసు తేటయితది." అట్లా మొదలైంది తెరమీది తుపాకుల కథ.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఎండకాలం బొంబాయి నుంచి దొంగల బొమ్మ ఒకటి వచ్చింది. కత్తియుద్ధాలూ, రైలు మీద పరుగులూ, మోటారు గుద్దుకోవడాలూ నిండుగా ఉన్నాయి. మొదటాటకే డేరా కిటకిటలాడింది. ముసుగుదొంగ కోల్టు తీస్తే కురుమూర్తి లేచి చెప్పాడు. హీరోయిన్ చేతిలోది చెక్క అని చెప్పాడు. జనం ఈల వేశారు. మంచి ఊపు మీద ఉంది ఆట.

తర్వాత ఒక సేటు గది. సేటు మెత్త మీద కూర్చుని హుక్కా తాగుతున్నాడు. ఎదురుగా ఎవడో వచ్చి కూర్చున్నాడు. మొహం కనబడదు, వీపే. వాడు జేబులోంచి పిస్తోలు తీసి, బల్ల మీద సీసా పక్కన పెట్టాడు. తెరంతా ఆ పిస్తోలే. ఎడమవైపు పిడి పైకి తిరిగి ఉంది. నల్లటి పిడి మీద ఏటవాలుగా తెల్లటి చార.

"కురుమూర్తన్నా! ఏందే అది?" అన్నాడు దశరథం అలవాటుగా.

కురుమూర్తి లేచాడు. తెర మీద ఒక చెయ్యి వచ్చి ఆ పిస్తోలును అందుకుంది. సేటు గుండెకు గురిపెట్టి, బొటనవేలు ఎత్తిపెట్టి, ఒక కన్ను మూశాడు వాడు. ఇప్పుడు మొహం కనబడింది. పెట్టుడు మీసం. అయితేనేం? బొటనవేలు ఎత్తిపెట్టొద్దు దొరా అని ఎన్నిసార్లు ఆ వేలి మీద కొట్టలేదు తను?

"వెబ్లీ!" అని కేక పెట్టాడు కురుమూర్తి. "మా గడి వెబ్లీ! ఆ కొమ్ము పిడి నా చేతులతోని నేను జేసిన! పట్టుకున్నోడు చిన్నదొర! ఇనున్రి, నేను దొంగను గాను! వాడు... వాడే..."

పిస్తోలు పేలింది, సేటు కూలాడు. దశరథం గొట్టం దించి అట్లాగే నిలబడిపోయాడు. బొమ్మ తనంతట తను ముందుకు పోతూనే ఉంది. గుంపులోంచి ఈదమ్మ, గడి పొలాల్లో నాట్లు వేసే ముసలిది, "అవునే, చిన్నదొరనే. నేను ఎత్తుకోని తిప్పిన మొహం నాకు తెల్వదా?" అంది. "చిన్నదొరనే, చిన్నదొరనే" అని డేరా అంతా గుసగుస పాకింది.

కురుమూర్తి కూలబడ్డాడు. మొదట వచ్చింది సంతోషమే, అబద్ధమెందుకు? తుపాకి ఉంది. కళ్లతో చూశాడు. ఆ తర్వాత మెల్లగా లోపల ఏదో తెగింది. తీసింది ఆ పిల్లవాడే. గురి నేర్చుకునే రోజుల్లో అడిగినప్పుడల్లా తాళంచెవి ఇచ్చింది తనే కదా. తీసినవాడే కొట్టంలోకి వచ్చి, చేతులు పట్టుకుని ఏడ్చి, మామా అని పిలిచి, ఒప్పుకొమ్మన్నాడు. ఆ ఏడుపు కూడా ఇట్లాంటి వేషమేనా? ఇన్నేండ్లు తను ఎవరి రాక కోసం ఎదురుచూశాడు? కురుమూర్తి రుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

ఆట విడిచాక కురుమూర్తి పోయి దశరథం చెయ్యి పట్టుకున్నాడు. "రేపు గుడ ఇదే బొమ్మ గద?"

"వారమంత ఇదే అన్నా."

"నేను నాగర్‌కర్నూల్ పోలీసు ఠాణకు పోయి అమీన్ సాబును తోల్కొస్త. ఆ సీను ఆయనకు చూపియ్యాలె. నా బతుకు నీ చేతులల్ల ఉన్నది దశరథం."

"గట్లంటవేందే? తోల్కరా. గొట్టంల ఒర్రి మరీ చెప్త. నీ ఉప్పు తిన్నోన్ని," అన్నాడు దశరథం. కళ్లల్లో నీళ్లు కూడా పెట్టుకున్నాడు.

ఆ పూట ఇంట్లో జమ్ములమ్మకు అంతా చెప్పాడు. ఒట్టు ఇంక దేనికి? కొట్టంలో చిన్నదొర అన్న మాటలు, తను వేసిన వేలిముద్ర, తెర మీద చార, అన్నీ చెప్పాడు. ఆమె చింతపండు పిసుకుతూ విన్నది. "సరే, రేపు నేను గుడ వస్త," అంది.

కురుమూర్తి చేసిన పొరపాటు ఏమిటో ఇక్కడ చెప్పాలి. నోరు మూసుకుని, మొదట అమీను దగ్గరికి పోయి, తర్వాత అరవాల్సింది. కానీ డేరాలో తుపాకి కనబడితే లేచి అందరికీ వినబడేటట్టు చెప్పడమే ఆయనకు తెలుసు. ఆ కేక ఆయన కంటే ముందే గడికి చేరింది. తెల్లారేసరికి గడి గుమాస్తా అనంతయ్య కచ్చరం బండి డేరా ముందు ఆగింది. అనంతయ్య ఎక్కువ మాట్లాడలేదట. "దొరవారి ఊర్లల్ల మీ డేరాకు గుంజ పాతనీకి జాగ ఉండాల్నా, వద్దా?" అని మాత్రం అడిగాడట. ఈ సంగతి కురుమూర్తికి చాలా తర్వాత తెలిసింది. అప్పుడాయన నాగర్‌కర్నూల్ బాటలో చెప్పులు లేకుండా నడుస్తున్నాడు.

అమీన్ సాబు నవ్వాడు. "క్యా రే, బొమ్మల తుపాకి దొరికిందా?" అన్నాడు. కానీ ఆయనకు కొట్లాట బొమ్మలంటే ప్రాణం, అందులోనూ ఊరికే చూపిస్తారంటే ఎవరు కాదంటారు? గుర్రమెక్కి మొదటాటకు వచ్చాడు. ఆయనకు కుర్చీ వేశారు. పక్కన నేల మీద కురుమూర్తి, ఆడవాళ్ల వైపు జమ్ములమ్మ. జనం నిన్నటి మొహాలే. ఎందుకోగానీ ఎవరూ కురుమూర్తి కళ్లలోకి చూడలేదు. తెర దగ్గర దశరథం అటు తిరిగి గొట్టం తుడుచుకుంటున్నాడు.

ముసుగుదొంగ వచ్చాడు, పోయాడు. హీరోయిన్ చెక్క పిస్తోలు వచ్చింది. "ఇగ ఇప్పుడొస్తది సాబ్, సేటు ఇంట్ల," అన్నాడు కురుమూర్తి. సేటు గది వచ్చింది. సేటు హుక్కా నోట్లో పెట్టుకున్నాడు. తెర ఒకసారి తెల్లగా మెరిసింది. అంతే, సేటు నేల మీద చచ్చిపడి ఉన్నాడు. ఎదుట ఎవరూ లేరు. బల్ల లేదు, సీసా లేదు, పిస్తోలు లేదు. పెళ్లాం వచ్చి శవం మీద పడి ఏడుస్తోంది.

"సేటు గుండాగి సచ్చిపోయిండు!" అని దశరథం గొట్టంలోంచి అరిచాడు.

కురుమూర్తి లేచాడు. "కోసిండు! సాబ్, సీను కోసిండు! దశరథం, ఏందిరా ఇది?"

అమీను చెయ్యెత్తాడు. ఆట ఆపారు, లాంతర్లు తెచ్చారు. దశరథం పీట దిగి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "అసొంటి సీను ఈ బొమ్మల లేనే లేదు సాబ్. అన్నకు తుపాకుల పిచ్చి. ఏది చూసినా గదే అంటడు," అన్నాడు. ఒక్కసారి కూడా కురుమూర్తి వైపు చూడలేదు.

"నిన్న ఆట చూసినోల్లు ఎవరున్నరు ఈడ? ఆ తుపాకి, ఆ మనిషిని చూసినోల్లు లేవున్రి," అన్నాడు అమీను.

నేలతరగతి నిండా నిన్న చూసినవాళ్లే. తన మాటకు ఈలలు వేసినవాళ్లు, తనతోపాటు తూటాలు లెక్కపెట్టినవాళ్లు. కురుమూర్తి ఒక్కొక్కరి మొహం మీదికీ చూపు తిప్పాడు. ఒకాయన బీడీ వెలిగించుకున్నాడు. ఒకాయన పసిపిల్లను ఎత్తుకుని బయటికి నడిచాడు. ఈదమ్మ దగ్గరికి పోయి చేతులు జోడించాడు. "అవ్వా, నువ్వు నిన్న అన్నవు గద. ఎత్తుకోని తిప్పిన మొహమన్నవు గద."

ఈదమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నాకు కండ్లు సక్కగ కానరావు బిడ్డా. నన్నెందుకు ఇరికిస్తవ్?" అంది. ఆమె ఇద్దరు కొడుకులూ గడి జీతగాళ్లు. అందరివీ అట్లాంటి బతుకులే. గడి భూమి దున్నేవాళ్లు, గడి బావి నీళ్లు తాగేవాళ్లు. వాళ్లను తిట్టాలంటే నాకూ నోరు రాదు, తిట్టకుండా ఉండాలంటే మనసు ఒప్పదు.

"జైలుకు పోయొచ్చిన దొంగ మాట మీద నన్ను బొంబాయి పొమ్మంటవార?" అన్నాడు అమీను. అయితే ఆయనకు కోపం కూడా రాలేదు. బొమ్మ మిగతాది చూడాలి కదా. "బైఠో. చలావ్!" అన్నాడు. లాంతర్లు ఆర్పేశారు.

బొమ్మ మళ్లీ మొదలైంది. హీరో గుర్రం దిగి పిస్తోలు తీశాడు. తెర పక్కన దశరథం గొట్టం దించాడు. అలవాటో, అమీను ముందు మామూలుగా కనబడాలనో, ఆ గొంతు డేరా అంతా వినబడింది.

"కురుమూర్తన్నా! వాని చేతుల ఉన్నదేందే?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. కురుమూర్తి లేవలేదు. ఆయనకు ఆ పిస్తోలు కనబడలేదు కూడా. ఒకే బీడీ పంచుకున్న నోటి నుంచి ఆ ప్రశ్న రావడమే ఆయన చెవుల్లో ఉండిపోయింది. కాసేపటికి జమ్ములమ్మ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి ఆయన రెక్క పట్టి లేపింది. ఇద్దరూ గుడారం పరదా ఎత్తుకుని బయటికి వచ్చారు. లోపల తూటాలు పేలుతున్నాయి. ఎవరూ లెక్కపెట్టడం లేదు.

సంత మైదానం దాటి బాటకెక్కారు. చేలల్లో ఎండిన జొన్న మోళ్లు, పక్కన ఖాళీ బండి ఒకటి. కురుమూర్తి కాళ్లు ఈడుస్తూ నడుస్తున్నాడు. చిన్నదొర మోసం చేశాడు, దశరథం మోసం చేశాడు, ఊరంతా మొహం తిప్పుకుంది. పోనీ, ఇంట్లో ఈమె ఉంది. చెలక పోయినా, జైలుకు పోయినా ఒక్క మాట అనకుండా వెంట నడిచింది. నిజం తెలిసిన మనిషి ఒకరైనా ఉన్నారు కదా అనుకున్నాడు. ఆ ధైర్యంతోనే అడుగు పడుతోంది.

జమ్ములమ్మ ఆగి వెనక్కీ ముందుకూ చూసింది. బాట మీద ఎవరూ లేరని రూఢి చేసుకుని, ఆయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"పోనీతీ. అమీను లేడు, ఎవ్వలు లేరు. ఇన్నేండ్లాయె, నేను ఎన్నడన్న అడిగిన్నా? ఇప్పుడు నాకొక్కదానికన్న చెప్పు. ఆ తుపాకి యాడ దాసినవ్?"

నిందలేదు ఆ గొంతులో. జ్వరం ఎట్లా ఉందని అడిగినంత మెత్తగా అడిగింది. గడి మెట్ల కింద ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్న ఆ పొద్దు నుంచి ఇప్పటిదాకా ఆమె ఒక దొంగకే గంజి పోసింది, దొంగ పక్కనే పడుకుంది, దొంగనే డేరాకు పంపింది. దొంగ అయితేనేం, తన మొగుడు అనుకుంది. కురుమూర్తికి నేను తియ్యలేదని ఆమె కాళ్లు పట్టుకుని చెప్పాలనిపించింది. నిన్న చెప్పింది అదే కదా. ఒకసారి చెప్పాక ఇంకేం మిగిలింది?

ఆయన ఖాళీ బండి నొగ పట్టుకుని జొన్న మోళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

"సరే, చెప్పకుంటె చెప్పకు తీ," అని జమ్ములమ్మ ముందుకు నడిచింది.